జీతం పెంచమని అడిగే ముందు చేయాల్సిన లెక్కలు

మా విశ్వవిద్యాలయ ఉద్యోగుల యూనియన్‌లో జీతాల లెక్కలు చూసేది నేను. వినతిపత్రంలో ఆవేశం ఎంతైనా ఉండనివ్వండి, చర్చల్లో మాత్రం అంకెలే నిలబడతాయి.

ముందుగా అయిదేళ్ల కిందటి పే స్లిప్పును, ఈ నెల స్లిప్పును పక్కపక్కన పెట్టుకోండి. అప్పటి జీతం 30,000, ఇప్పటిది 36,000 అనుకుందాం. ‘20 శాతం పెంచాం కదా’ అంటుంది యాజమాన్యం. అదే కాలంలో వినియోగదారుల ధరల సూచీ, అంటే ఇంటి ఖర్చుల ధరలు ఎంత పెరిగాయో చూపే అంకె, 100 నుంచి 132కు చేరిందనుకోండి. 36,000ను 132తో భాగించి 100తో గుణిస్తే, ఇప్పటి జీతం అయిదేళ్ల కిందటి ధరల్లో సుమారు 27,270కే సమానం. పెరిగింది కాగితం మీదే అన్నమాట. పాత స్థాయికి చేరాలన్నా 39,600 కావాలి, అంటే ఇప్పటి జీతం మీద 10 శాతం. మీరు అడిగే 10 శాతం పెంపు కాదు, పోయినదాన్ని తిరిగి ఇమ్మనడమే. ఈ మాట ఉత్తరం మొదటి పేరాలోనే ఉండాలి. సూచీని ఏ నెల నుంచి ఏ నెలకు తీసుకున్నారో కూడా రాయండి. లేకపోతే అవతలివాళ్లు తమకు అనువైన నెలలు పట్టుకొస్తారు.

తరగతికి ఇంత అని తీసుకునే తాత్కాలిక అధ్యాపకులకు గంట లెక్క వేయాలి. తరగతికి 600 అనుకుంటే బోధన గంట, పాఠం తయారీ గంటన్నర, జవాబు పత్రాలు దిద్దడానికి సగటున అరగంట. గంటకు గిట్టేది 200. ఈ గంటలను ఊహించి చెప్పకండి, కొందరి చేత రెండు వారాలు డైరీ రాయించండి. ఉన్నత విద్యా బోధకుల హోదాపై 1997లో యునెస్కో ఆమోదించిన సిఫార్సు, పాక్షిక కాల అధ్యాపకులకు పూర్తికాల వేతనంతో దామాషాలో చెల్లించాలంటుంది. అది చట్టం కాదు గానీ, ఉత్తరంలో ఉటంకిస్తే పని చేస్తుంది.

గ్రంథాలయం, ప్రయోగశాల, పారిశుద్ధ్య సిబ్బంది జీతాలూ అదే పట్టికలోకి రావాలి. 10 శాతమంటే 80,000 జీతగాడికి 8,000, 15,000 జీతగాడికి 1,500. అందుకే ‘ఇంత శాతం లేదా కనీసం ఇంత మొత్తం, ఏది ఎక్కువైతే అది’ అని అడగండి. పెద్ద జీతాలవాళ్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

చర్చలు జరిగిన రోజే మినిట్స్ (ఎవరేమన్నారో రాసిన నమోదు) మీద ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి.

మాటలతో తేలకపోతే సమ్మెకు వెళ్లే ముందు ఓటింగు, నోటీసు గడువు వంటి నిబంధనలు న్యాయవాదితో సరిచూసుకోవాలి. జవాబు పత్రాలు దిద్దకపోవడం పదునైన ఆయుధమే, కానీ దాని ఖరీదు తెలుసుకుని పట్టుకోండి. 2023లో బ్రిటన్ అధ్యాపకులు మూల్యాంకనం మానేస్తే, చాలా విశ్వవిద్యాలయాలు వాళ్ల జీతంలో సగం నుంచి మొత్తం వరకు కోత పెట్టాయి. ఓటుకు ముందే సహాయ నిధి పోగు చేయండి, అందులో మొదటి వాటా తక్కువ జీతాలవాళ్లకని రాసిపెట్టండి. సమయం కూడా చూసుకోవాలి. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుమారు 48,000 మంది బోధన, పరిశోధన సిబ్బంది సమ్మెకు దిగింది నవంబరు 14న, టర్ము చివరి పరీక్షలు దగ్గరపడుతున్నప్పుడు.

ఒప్పందం కుదిరితే అమలు తేదీ, బకాయిల వాయిదాలు, తదుపరి సవరణ ఎప్పుడు, సమ్మె చేసినవాళ్లపై చర్యలుండవన్న హామీ కాగితం మీదకు ఎక్కాయో లేదో చదవండి. ‘త్వరలో’ అన్న మాట ఎక్కడ కనిపించినా దాన్ని కొట్టేయించి తేదీ వేయించండి, సంతకం ఆ తర్వాతే.