కుట్టు మిషన్ మొరాయిస్తే ముందు సూది చూడండి

దసరాకి రెండు రోజుల ముందు మా పాప పరికిణీ కుడుతుంటే సూది విరిగింది. కొత్తది పెట్టి కూర్చున్నాను. అప్పటినుంచి మిషన్ కుట్టు వదిలేయడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు పడతాయి, అరంగుళం ఖాళీ, మళ్లీ రెండు కుట్లు. పై దారం బిగువు మార్చే టెన్షన్ నట్టు బిగించాను, వదులు చేశాను, కింది దారం చుట్ట ఉండే బాబిన్ కేసు స్క్రూ కూడా తిప్పాను. గంట గడిచేసరికి ఏది ముందు ఎలా ఉండేదో గుర్తులేదు. మర్నాడు వచ్చిన మెకానిక్ ముందు సూది ఊడదీశాడు. అది పైదాకా ఎక్కలేదు, బియ్యపు గింజంత కిందికి ఉండిపోయింది. దాన్ని పైకి నెట్టి బిగించగానే కుట్టు పడింది. ఆ తర్వాత అరగంట నేను కదిపిన నట్లు సరిచేయడానికే పట్టింది.

అందుకే ఇంట్లో కుట్టుకునే వాళ్లందరికీ ఒకే మాట చెబుతాను. ముందు సూది, తర్వాత దారం ఎక్కించిన తీరు, తర్వాత బాబిన్, ఆ తర్వాత దుమ్ము చూడండి. నట్ల జోలికి అన్నిటికన్నా చివర్లో వెళ్లండి.

కుట్టు వదిలేస్తోంది

నూటికి తొంభై సార్లు సూదిదే తప్పు అని నా నమ్మకం. సూది పైన లావుగా ఉండే కాడకి ఒకవైపు చదును ఉంటుంది, దానికి ఎదుటివైపు పొడవునా సన్నని గాడి ఉంటుంది. దారం ఎప్పుడూ గాడి ఉన్న వైపు నుంచి కంట్లోకి వెళ్లి, చదును వైపు బయటికి రావాలి. ఇది ఏ మిషన్‌కైనా వర్తిస్తుంది. గాడి కంటికి ఆనకపోతే గోటితో రాసి చూడండి, తెలుస్తుంది. సూదిని పైకి ఆగేదాకా నెట్టి, అప్పుడు స్క్రూ బిగించండి.

సూది వంగిందేమో చూడాలంటే చదును వైపు కిందికి వచ్చేలా అద్దం మీద పెట్టండి. సూదికీ అద్దానికీ మధ్య సందు మొన దాకా ఒకేలా ఉండాలి. ఏడెనిమిది గంటలు కుట్టాక సూది మొద్దుబారుతుంది. విరిగేదాకా వాడటం మనకి అలవాటు, కానీ దానివల్ల పాడయ్యేది ఖరీదైన గుడ్డ.

నంబర్ కూడా ముఖ్యం. పల్చని పట్టుకీ, జార్జెట్‌కీ 9 లేదా 11, మామూలు కాటన్ జాకెట్టుకి 14, మందపాటి గుడ్డకి 16, జీన్స్‌కి 18. లెగ్గింగ్ లాంటి సాగే గుడ్డ మీద మామూలు సూది కుట్టు వదిలేస్తుంది. దానికి బాల్ పాయింట్ సూది అడగండి. ఇంటి మిషన్ సూది ప్యాకెట్ మీద హెచ్‌ఏ×1 అని ఉంటుంది. టైలర్ షాపుల్లో వాడే పెద్ద మిషన్ సూదికి కాడ గుండ్రంగా ఉంటుంది, అది మనకి పనికిరాదు.

గుడ్డ కింద దారం గూడు కడుతోంది

ఇక్కడ అందరూ పొరపడతారు. గూడు కింద కట్టింది కాబట్టి బాబిన్‌దే తప్పు అనుకుంటారు. కింద వదులుగా వేలాడేది పై దారమే. పైన బిగువు లేకపోవడంతో అదంతా కిందికి జారి చుట్టుకుపోతుంది.

గుడ్డని నొక్కి పట్టే ఫుట్ దించి ఉంటే, పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు ఒకదానికొకటి నొక్కుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు. అందుకని ఫుట్ ఎత్తి దారం ఎక్కించాలి. ఎక్కించాక ఫుట్ దించి, దారం లాగి చూడండి. గట్టిగా రావాలి. తేలిగ్గా వచ్చేస్తే బిళ్లల మధ్య దారం పడలేదన్నమాట, మొత్తం తీసి రీలు దగ్గర నుంచి మళ్లీ ఎక్కించండి. పైకీ కిందికీ ఆడే మీట రంధ్రంలోంచి దారం జారిపోయినా ఇదే గొడవ.

కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ మూడు నాలుగు అంగుళాలు వదిలి, ఫుట్ కింది నుంచి వెనక్కి లాగి పట్టుకోండి. మొదటి రెండు కుట్లు పడేదాకా వదలకండి.

గుడ్డ పైవైపున కింది దారం చుక్కల్లా కనిపిస్తోందంటే పై దారం మరీ బిగువుగా ఉందని, లేదా బాబిన్ వదులుగా ఉందని అర్థం. బాబిన్ కేసుని దారం కొస పట్టుకుని వేలాడదీయండి. ఊరికే జారకూడదు. చెయ్యి చిన్నగా ఎగరేస్తే ఒక అంగుళమో రెండంగుళాలో దిగి ఆగాలి. జారిపోతోంటే స్క్రూ తిప్పేముందు, కేసు మీది రేకు స్ప్రింగు కింద విజిటింగ్ కార్డు మూల దూర్చి లాగండి. అక్కడ ఇరుక్కున్న నూగు వల్లే చాలాసార్లు పట్టు తప్పుతుంది. అప్పటికీ జారితే స్క్రూ పావు చుట్టు తిప్పి చూడండి, అంతకన్నా ఒకేసారి వద్దు.

దారం తెగుతోంది

రీలు నుంచి ఒక మూర దారం తీసి రెండు చేతులతో లాగండి. పుటుక్కున తెగితే అది పాత దారం, పారేయండి. అటకమీద ఏళ్ల తరబడి పడున్న కాటన్ రీళ్లు ఇలాగే అవుతాయి. దారం బాగుంటే సూది కన్ను సన్నగా ఉందేమో, సూది దిగే రంధ్రం అంచున గీత పడిందేమో చూడండి. సూది విరిగినప్పుడు అక్కడ దెబ్బ తగులుతుంది. అంచు మీద వేలు తిప్పితే గరుకు తెలుస్తుంది. సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేయొచ్చు.

కుట్టిన చోట ముడతలు

పల్చని గుడ్డైతే కింద న్యూస్‌పేపర్ ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. సూది సన్నది వేసి, పై దారం కాస్త వదులు చేయండి. గుడ్డని వెనక నుంచి లాగొద్దు.

చీరకి ఫాల్ వేశాక, ఒక ఉతుకు తర్వాత కుచ్చిళ్ల దగ్గర అంచు ముడుచుకుపోతే ఆ తప్పు కుట్టుది కాదు. కాటన్ ఫాల్ తడిస్తే కుంచించుకుపోతుంది, చీర అలాగే ఉంటుంది. ఫాల్ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే వేయండి.

గుడ్డ ముందుకి కదలడం లేదు

కుట్టు పొడవు మీట సున్నా దగ్గర ఉందేమో చూడండి. లేకపోతే సూది తీసేసి, ప్లేటు స్క్రూలు విప్పండి. గుడ్డని ముందుకి జరిపే పళ్ల మధ్య నూగు గట్టిపడి పేరుకుపోయి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో, మొండి సూదితో గీకి తీయండి. నోటితో ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది.

మిషన్ బరువుగా తిరుగుతోంది

ఇంట్లో కొబ్బరినూనె వేశారా? చాలామంది వేస్తారు. చలికాలంలో అది గడ్డకడుతుంది, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. మోటార్ ఉంటే ప్లగ్ తీసేసి, పొయ్యికి దూరంగా కూర్చుని, నూనె రంధ్రాల్లో రెండేసి చుక్కల కిరోసిన్ వేయండి. చక్రం చేత్తో కాసేపు తిప్పి, కారిన మడ్డి తుడవండి. అది ఆరాక మిషన్ ఆయిల్ ఒక్కో చుక్క చాలు. తర్వాత పాత గుడ్డ మీద కాసేపు కుట్టండి, లేకపోతే పట్టు మీద మరక పడుతుంది.

తొక్కుడు మిషన్ అయితే బెల్టు మరీ బిగువుగా ఉందేమో, బాబిన్ కేసు కూర్చునే షటిల్‌లో, చక్రం ఇరుసుకి దారం చుట్టుకుందేమో కూడా చూడండి. చక్రం తిరుగుతూ సూది మాత్రం కదలకపోతే కంగారు పడొద్దు. బాబిన్ చుట్టేటప్పుడు చక్రం మధ్యలోని నట్టు వదులు చేసి, మళ్లీ బిగించడం మర్చిపోయి ఉంటారు.

మిషన్ బాగానే ఉంది, జాకెట్టే సరిపోవడం లేదు

టేపు తీసి స్టీలు స్కేలు పక్కన పరచండి. ప్లాస్టిక్ టేపు ఏళ్లు వాడితే సాగుతుంది. చంకల దగ్గర పట్టేసిన రెండు జాకెట్లు విప్పి కుట్టాక ఈ సంగతి గ్రహించాను. నా పాత టేపులో 12 అంగుళాల గీత, స్కేలు మీద 12 దాటి పావంగుళం అవతల ఉంది. అంటే 36 అని కొలిచిన చోట ముప్పావు అంగుళం తేడా. కొత్త టేపు తెచ్చాక కూడా ఏడాదికోసారి, దసరా కుట్లు మొదలుపెట్టే ముందు, ఆ స్కేలు పక్కన పెట్టి చూస్తున్నాను.