కాబూలీ శనగలు కరకరలాడాలంటే ముందు తడి ఆరాలి

ముప్పావు గంట ఓవెన్‌లో ఉంచినా శనగలు గుగ్గిళ్లలాగే మెత్తగా ఉన్నాయని వాపోయేవాళ్లని నేను అడిగేది ఒకటే: ఉడికించాక ఎంతసేపు ఆరబెట్టారు? "టవల్‌తో తుడిచాం కదా" అంటారు. తుడవడం వేరు, ఆరబెట్టడం వేరు.

ఒక కప్పు కాబూలీ శనగలు, రెండు టీస్పూన్ల వేరుశనగ నూనె, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) ఉంటే చాలు. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్), కన్వెక్షన్ ఓవెన్, ఎయిర్ ఫ్రయర్, ఏదైనా పరవాలేదు. మామూలు మైక్రోవేవ్‌లో మాత్రం ఈ పని కాదు. ఆలివ్ నూనె వాడొచ్చా అని అడగకండి. శనగలకు పల్లీ నూనే.

శనగల్ని రాత్రి నానబెట్టండి. ఎనిమిది గంటలు తగ్గకూడదు. పొద్దున నీళ్లు మార్చి, ఉప్పు వేసి కుక్కర్‌లో మూడు విజిల్స్ రానివ్వండి. వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, వదిలేస్తే ఆకారం నిలవాలి. వంటసోడా వేస్తే పొట్టు ఊడి ముద్దవుతాయి, వేయొద్దు. విదేశాల్లో దొరికే డబ్బా శనగలు ఉడికినవే కాబట్టి కడిగేస్తే చాలు. ఇంట్లో ఉడికించిన నీళ్లను పారబోయకండి, చారులోకి బాగుంటాయి.

ఇక అసలు పని. నానినప్పుడు, ఉడికినప్పుడు శనగ తాగిన నీళ్లు లోపల చాలా ఉంటాయి. పైతడి కూడా తోడైతే ఓవెన్ వేడి ముందు దాన్ని ఆవిరి చేయడానికే సరిపోతుంది. ఆ ఆవిరిలో శనగలు మళ్లీ ఉడుకుతాయి. వేగేసరికి పైన రంగు మారుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. అప్పుడు మంట పెంచితే మాడతాయే తప్ప కరకరలాడవు.

అందుకని చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వాడ్చి, వేడిగా ఉండగానే పాత నూలు పంచె మీద ఒక వరసగా పరవండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఫ్యాన్ కింద గంటన్నర ఉంచండి, మధ్యలో ఒకసారి కదపండి. వానాకాలమైతే రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. ఎండలో పెడతామంటారు కొందరు. ఈగలు, దుమ్ము చూసుకోవాలి, నాకైతే ఫ్యానే నమ్మకం. అప్పటికప్పుడు వేయించే తీరిక లేకపోతే ప్లేట్‌లో పరిచి, మూత పెట్టకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. అక్కడి పొడి గాలికి తడి బాగా లాగేస్తుంది.

ఆరాయో లేదో చూడాలంటే నాలుగు శనగల్ని టిష్యూ కాగితం మీద దొర్లించండి. మరక పడితే ఇంకా ఆరనివ్వాలి. ఊడిన పొట్టు ఏరేయండి, అది ముందు మాడి చేదు తెస్తుంది. అంటుకుని ఉన్న పొట్టు జోలికి పోకండి. ఒక్కో శనగా వలుస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంది?

బాణలి నిండా నూనె పోసి వేయించుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా అంటారా? ఉడికిన శనగ కాగే నూనెలో పడితే లోపలి ఆవిరికి పేలి, నూనె మొహం మీదికి చిమ్ముతుంది. పైగా నూనె పీల్చుకున్నాక ఆరోగ్యం అనే మాట ఎందుకు? వంద గ్రాముల ఎండు శనగల్లో దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, పీచూ దండిగానే ఉంటుంది. కేలరీలు కూడా తక్కువేం కావు కాబట్టి గుప్పెడు తినండి, గిన్నెడు కాదు.

ఓవెన్ ముందే 200 డిగ్రీలకు వేడెక్కాలి. నూనె లేకుండానే ట్రేలో 15 నిమిషాలు వేయించండి. బయటికి తీసి నూనె, ఉప్పు పట్టించి 180 డిగ్రీల్లో ఇంకో 20, 25 నిమిషాలు ఉంచండి. మధ్యలో ట్రే కుదపండి. ఎయిర్ ఫ్రయర్‌కి ఇందులో సగం టైమ్ చాలు, బుట్టలో పలచగా వేయాలంతే. వేడి మీద కొరికి మెత్తగా ఉందని కంగారు పడొద్దు. ఒకటి తీసి రెండు నిమిషాలు చల్లారాక కొరకండి. చాలనిపిస్తే ఓవెన్ ఆపి, తలుపు కాస్త తెరిచి అరగంట అందులోనే వదిలేయండి.

కారం, జీలకర్ర, ఆమ్‌చూర్ దించాకే. ముందే వేస్తే కారం మాడుతుంది. పులుపుకి నిమ్మరసం పిండితే ఇంత కష్టపడి పోగొట్టిన తడిని మీరే తిరిగి తెచ్చినట్టు.

పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. చేసిన రోజు, మర్నాడు బాగుంటాయి. మెత్తబడితే 180 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. చిన్నపిల్లలకు మాత్రం ఇవి ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్ల కోసం ఆరబెట్టే ముందే కాసిన్ని ఉడికిన శనగలు తీసి, మెత్తగా మెదిపి పెట్టండి.