శిక్ష ముగిసినా, బెయిలొచ్చినా భయం పోకపోతే: ప్రమాదకర లైంగిక నేరస్థుడిపై ఏ కాగితం ఎక్కడ పెట్టాలి

కోనసీమలోనైనా, అవతల నరసాపురం వైపైనా బాధితుల ఇళ్ళల్లో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే: వాణ్ణి బయటికి రాకుండా ఆపలేమా? శిక్ష పూర్తిగా అనుభవించినవాణ్ణి ఇంకా ప్రమాదకరమన్న కారణంతో గడువు లేకుండా లోపలే ఉంచే చట్టం మన దేశంలో లేదు. అమెరికాలో ఉంది. 1990లో వాషింగ్టన్ రాష్ట్రం అలాంటి చట్టం చేసింది, 1997లో కాన్సస్ రాష్ట్ర చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ విధానంలో జైలు గడువు ముగిసేలోపు ప్రభుత్వం విడిగా సివిల్ విచారణ కోరుతుంది. మానసిక లోపం వల్ల అతను మళ్ళీ నేరం చేస్తాడని రుజువైతే గడువు లేకుండా చికిత్సా కేంద్రంలో ఉంచుతారు. ఇది చదివి ఇక్కడా అలాంటి పిటిషన్ వేయమని లాయరు వెంట పడితే కాలం వృథా. మన దగ్గరున్న దారులు చిన్నవి, కానీ సరిగ్గా వాడితే పనిచేస్తాయి. ముందు తేల్చుకోవాల్సింది అతను బెయిల్ మీద ఉన్నాడా, శిక్ష పూర్తయి వచ్చాడా అన్నది. దాన్ని బట్టే వెళ్ళాల్సిన ఆఫీసు మారుతుంది.

బెయిల్ పిటిషన్ పడిన రోజు నుంచే పని మొదలవ్వాలి. పదహారేళ్ళలోపు పిల్లపై అత్యాచారం, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లపై సామూహిక అత్యాచారం కేసుల్లో బెయిల్ వాదనలప్పుడు ఫిర్యాదుదారో, వారు అధికారమిచ్చినవారో కోర్టులో ఉండి తీరాలని బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 483వ సెక్షన్ చెబుతోంది. మిగతా కేసుల్లోనూ బాధితుల మాట వినాల్సిందేనని 2022లో లఖింపూర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ముందే కలిసి, ఏ షరతులు కావాలో ఒక పేజీలో రాసివ్వండి. కోర్టులో చదవడానికి ఆయన చేతిలో కాగితం లేకపోతే అందరికీ పెట్టే షరతులే మీ కేసులోనూ పడతాయి.

నది మధ్య లంక గ్రామాల్లో ఈ షరతుల దగ్గరే బోల్తా పడతారు. బాధితురాలికి వంద మీటర్ల దూరంలో ఉండాలని రాయిస్తారు. రేవు ఒక్కటే, నది దాటించే పంటు ఒక్కటే. బడికెళ్ళే పిల్లలూ అతనూ పొద్దున్నే అదే పంటు ఎక్కాలి. ఆ వంద మీటర్లకు అర్థమేముంది? అందుకే విచారణ ముగిసేదాకా మండలం బయట ఫలానా చిరునామాలో ఉండాలనీ, ఊరి రేవు వాడకూడదనీ అడగండి. వారం వారం సంతకం కూడా అతనుండే చోటి స్టేషన్‌లోనే పెట్టించమనండి. మీ ఊరి స్టేషన్ అని రాస్తే ప్రతి వారం అతన్ని కోర్టే మీ వీధికి పంపినట్టవుతుంది.

బెయిల్ వస్తే వెంటనే ఫిర్యాదుదారుకి తెలపాలనీ, రెండు రోజుల్లో ఉత్తర్వు కాపీ ఇవ్వాలనీ 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవ్వకపోతే ఎస్సైని రాతపూర్వకంగా అడగండి. షరతులేమిటో తెలియకుండా వాటిని తప్పాడని నిరూపించలేరు.

అతను షరతు తప్పినా, సాక్షుల్ని బెదిరించినా బెయిల్ రద్దు కోరవచ్చు. పిటిషన్ ప్రాసిక్యూటరే వేయాలని లేదు, బాధితులు కూడా వేయవచ్చు. రద్దుకి గట్టి కారణాలు కావాలి. "మమ్మల్ని భయపెడుతున్నాడు" అని రాస్తే కొట్టేస్తారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏమన్నాడు, ఎవరు విన్నారు అన్నవన్నీ రాయాలి. కోర్టులో అబద్ధం చెప్పమని బెదిరిస్తే అది బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 232 కింద విడిగా నేరం. కొత్త ఎఫ్ఐఆర్ కట్టించి దాని కాపీని రద్దు పిటిషన్‌కి జత చేయండి, ఒట్టి ఆరోపణ కన్నా అది ఎన్నో రెట్లు బలం. స్టేషన్‌లో తీసుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు దగ్గర పెట్టుకోండి.

సాక్షుల రక్షణకు 2018 పథకం ఉంది. దరఖాస్తు జిల్లా ప్రాసిక్యూషన్ అధిపతి ద్వారా జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి వెళుతుంది. డీఎస్పీ అయిదు పనిదినాల్లో ముప్పు నివేదిక ఇవ్వాలి. రక్షణ ఉత్తర్వు ఒక్కోసారి మూడు నెలలకు మించదు కాబట్టి గడువు దాటకముందే పొడిగింపు అడగాలి.

ఇక శిక్ష పూర్తయో, కేసు కొట్టేసో వచ్చినవాడి సంగతి. ఇక్కడ పనికొచ్చేది బైండోవర్, అంటే బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకోవడం. బీఎన్‌ఎస్‌ఎస్ 126 కింద శాంతిభంగం జరగకుండా ఏడాది వరకు బాండు రాయించుకోవచ్చు. 129 కింద, పూచీకత్తు లేకుండా తిరిగితే సమాజానికి ప్రమాదమనదగ్గ మనిషి నుంచి మూడేళ్ళ వరకు పూచీకత్తు తీసుకోవచ్చు. రెండూ తాసిల్దారు, ఆర్డీవోల చేతిలో ఉండే అధికారాలే. మామూలుగా పోలీసుల నివేదికతో మొదలవుతాయి కనుక ముందు ఎస్సైకి అర్జీ ఇచ్చి, కాపీ తాసిల్దారుకి ఇవ్వండి.

129 విచారణలో ఊళ్ళో అతనికున్న పేరు కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. అలాగని "మంచోడు కాదు" అని పదిమంది వేలిముద్రలు వేసిన అర్జీ ఎందుకూ కొరగాదు. రొయ్యల చెరువు కాపలాదారు, ఆటో నడిపేవాళ్ళు, బడి దగ్గర కొట్టు పెట్టుకున్నామె తాము స్వయంగా చూసింది చెప్పే వాంగ్మూలాలు మూడు చాలు. పాత తీర్పుల ధ్రువీకృత నకళ్ళు జతపరచండి. ఒకే ఒక్క పాత కేసు చూపి అలవాటుగా నేరాలు చేస్తాడంటే నిలబడదు.

బైండోవర్ కేసులు ఎక్కువగా వీగిపోయేది రెండు కారణాలతో. మొదటిది నోటీసు. అందిన సమాచారం సారాంశం, బాండు మొత్తం, గడువు, జామీనుదారుల సంఖ్య అందులో ఉండాలి. అచ్చు ఫారంలో పేరు మాత్రం నింపి పంపిస్తే హైకోర్టులో నిలవదు. రెండోది కాలం. విచారణ ఆరు నెలల్లో తేలకపోతే మామూలుగా దానంతటదే ముగిసిపోతుంది. అతను ఇంట్లో కాక చెరువు గట్టు మకాంలో ఉంటే నోటీసు అందక వాయిదాలు పడతాయి. ఇల్లు, మకాం రెండు చిరునామాలూ మొదటే ఇవ్వండి. పూచీకత్తు ఇవ్వలేకపోతే జైలుకి పంపుతారు. కోరిన గడువు ఏడాది దాటితే ఆ నిర్ణయం సెషన్స్ జడ్జిది.

1986 నాటి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు. కానీ దానికి కలెక్టర్ ఉత్తర్వు, సలహా మండలి ఆమోదం కావాలి. ప్రజా జీవనమే దెబ్బతినే స్థాయి లేనప్పుడు ఈ ఉత్తర్వుల్ని కోర్టులు కొట్టేస్తున్నాయి. ఒక కుటుంబానికున్న భయంతో దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఏ అర్జీలోనూ పిల్ల పేరు, బడి, ఇంటి గుర్తులు రాయొద్దు. తాసిల్దారు ఆఫీసులో ఫైలు ఎన్నో చేతులు మారుతుంది. క్రైం నంబరు, స్టేషన్ పేరు రాస్తే చాలు. ఊరి వాట్సాప్ గ్రూపులో అతని ఫొటో పెట్టి హెచ్చరించడం కూడా వద్దు. దాని వల్ల పిల్ల ఎవరో తెలిసిపోతే నేరం మీ మీద పడుతుంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయండి.

అతనికి నిజంగానే మానసిక జబ్బు లక్షణాలుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వర్తిస్తుంది. జబ్బు వల్ల ఇతరులకు ముప్పుగా ఉన్నవాణ్ణి పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు. మేజిస్ట్రేట్ పరీక్ష కోసం పది రోజుల వరకు ఉంచమనవచ్చు. సమ్మతి లేని చేరిక మొదట ముప్ఫై రోజులకు మించదు. లైంగిక నేరం చేశాడన్నది ఒక్కటే జబ్బుకు రుజువు కాదు కాబట్టి డాక్టర్లు వారంలోనే పంపేయవచ్చు. అతను ఆసుపత్రిలో చేరాడని బెయిల్ రద్దు పిటిషన్‌నిగానీ బైండోవర్‌నిగానీ వెనక్కి తీసుకోకండి.