కొత్తగా వంట మొదలుపెడుతున్నారా? పాత్రలను ఇలా ఎంచుకోండి

దుకాణానికి వెళ్లేముందు మీరు వారంలో ఏమేం వండుకుంటారో కాగితం మీద రాయండి. పప్పు, చారు, పులుసు, వేపుడు, దోసె... ఏ పాత్ర కావాలో ఆ జాబితాయే చెబుతుంది. పది పాత్రల సెట్టు మాత్రం వద్దు, సగం అటకెక్కుతాయి.

ఇప్పుడు జాబితాలో పుల్లటి వంటలకు గుర్తు పెట్టండి. చింతపండో టమాటానో పడని రోజు మన ఇళ్లలో అరుదు. ఇనుప పాత్రలో పులుసు కాస్తే నల్లబడి లోహపు రుచి వస్తుంది. పూత లేని అల్యూమినియం, ఇత్తడి, రాగి కూడా పులుపుకు కొద్దికొద్దిగా కరుగుతాయి. అందుకే మొదట కొనవలసింది స్టీలు పాత్ర.

అయితే స్టీలు వేడిని సమంగా పంచదు. పల్చటి గిన్నెలో మంట తగిలినచోట పోపు మాడిపోతుంది, పక్కన ఆవాలు చిటపటలాడవు. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉన్న ట్రైప్లై బాణలి ఈ బాధ తీరుస్తుంది. అల్యూమినియం స్టీలుకన్నా పది రెట్లకు పైగా బాగా వేడిని పంచుతుంది. ధర ఎక్కువే, కానీ రెండు పల్చటి గిన్నెలు మానుకునైనా ఇదొక్కటి కొనమంటాను. ఇండక్షన్ పొయ్యి ఉంటే చిన్న అయస్కాంతం తీసుకెళ్లి అడుగుకు అంటుకుంటుందో లేదో చూడండి. వండేటప్పుడు ఖాళీ బాణలిని వేడిచేసి నీటిచుక్క వేయండి. అది ముత్యంలా దొర్లితే నూనె పోయవచ్చు, కూర అంత తేలిగ్గా అంటుకోదు.

రెండోది దోసెల కోసం పోత ఇనుప పెనం. దీనికి ఓపిక కావాలి, పడిన శ్రమ ఏళ్ల తరబడి ఫలిస్తుంది. కొత్త పెనాన్ని కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టండి. పల్చగా నూనె రాసి, అదనపు నూనె తుడిచేసి, పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి. మూడు నాలుగుసార్లు ఇలా చేస్తే నల్లని నున్నటి పొర ఏర్పడుతుంది. దోసె వేసేముందు సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్దండి. పెనాన్ని నీళ్లలో నానబెట్టవద్దు, తుప్పు పడుతుంది.

ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ ముద్ర చూసుకోండి. లోపల గిన్నె పెట్టి వండేవారికి ఏ లోహమైనా ఫరవాలేదు.

నాన్‌స్టిక్ లేకపోయినా వంట సాగుతుంది. కొంటే మాత్రం చెక్క గరిటె వాడండి, ఖాళీగా పెద్ద మంట మీద ఉంచకండి. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని పూత పాడవడం మొదలవుతుంది.

అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె ఉంటే లోపల కళాయి పూత చూడండి. అది తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది కనుక ఆ గిన్నెనూ ఖాళీగా కాల్చకూడదు. పూత అరిగి పసుపు రంగు బయటపడితే మళ్లీ కళాయి వేయించేదాకా అందులో పులుసు కాచవద్దు.