జెల్లీఫిష్ కుట్టకుండా జాగ్రత్తలు, కుడితే ప్రథమ చికిత్స

జెల్లీఫిష్‌లు కనిపిస్తున్నప్పుడు సముద్రంలోకి దిగకపోవడమే మేలు. దిగక తప్పకపోతే ఒంటిని పూర్తిగా కప్పే ఈత దుస్తులు ధరించాలి. ఒడ్డున చచ్చిపడి ఉన్నదాన్ని కూడా తాకకూడదు, ఎందుకంటే దాని విషకణాలు అప్పటికీ పనిచేస్తూనే ఉండవచ్చు.

కుట్టిన వెంటనే బయటికి వచ్చి, చర్మానికి అంటుకున్న దారాల్లాంటి స్పర్శకాలను పట్టకారుతో మెల్లగా తీసి, ఆ చోటును సముద్రపు నీటితోనే కడగాలి. మంచినీళ్లు పోసినా, ఇసుకతోనో తువ్వాలుతోనో రుద్దినా మిగిలిన విషకణాలు విచ్చుకుని బాధ పెరగవచ్చు. మూత్రం పోస్తే తగ్గుతుందని చాలామంది నమ్ముతారు గానీ, దయచేసి ఆ పని చేయకండి. కుట్టింది బాక్స్ జెల్లీఫిష్ (పెట్టెలాంటి ఆకారంలో ఉండే, చాలా ప్రమాదకరమైన రకం) అని అనుమానం ఉంటే, స్పర్శకాలను తీయడానికి ముందే కనీసం 30 సెకన్లు వెనిగర్ పోయాలి. చాలా రకాలకు, చర్మం కాలనంత వేడి, అంటే సుమారు 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ ఉన్న నీటిలో ఆ భాగాన్ని 20 నిమిషాలకు తగ్గకుండా ఉంచితే నొప్పి ఉపశమిస్తుంది.

ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పుతున్నా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.