ఫోన్ చదవలేని తెలుగు పీడీఎఫ్: సమస్య - పరిష్కారం

నల్లగొండలో డీటీపీ పని చేస్తాను. బత్తాయి తోటల్లో మందుల వాడకంపై నాలుగు పేజీల కరపత్రం చేసి, పీడీఎఫ్‌గా నెట్‌లో పెట్టాం. చూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి ఫోన్ చేశాడు: "అన్నా, మా నాయనకు చదివి చెప్దామంటే ఫోన్ ఏం మాట్లాడ్తలేదు." తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఏర్పాటు (ఆండ్రాయిడ్‌లో దాని పేరు టాక్‌బ్యాక్) ఫోన్లో ఉంటుంది, మా ఫైలును అది చదవలేకపోయింది. ఆ ఒక్క ఫైల్లోనే ఇన్ని తప్పులు దొరికాయి.

సమస్య: ఫోన్ అసలు చదవదు.
కారణం: అది స్కాన్ చేసిన పేజీ, అంటే ఉత్త ఫొటో. ఏదైనా పదాన్ని వేలితో నొక్కిపట్టండి. అది సెలెక్ట్ కాకపోతే లోపల అక్షరాలు లేనట్టే.
పరిష్కారం: టైపు చేసిన అసలు ఫైలు నుంచే మళ్లీ తయారు చేయండి. అది లేకపోతే స్కాన్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, తెలుగు అక్షరాలుగా మారుతుంది. తర్వాత అంకెలు ఒక్కొక్కటీ సరిచూడాలి. లీటరుకు 2.5 గ్రాములు అన్నచోట చుక్క ఎగిరిపోతే 25 అవుతుంది. తోటకే ముప్పు.

సమస్య: చదువుతుంది, కానీ అర్థం కాని ఇంగ్లిష్ ముక్కలు.
కారణం: పాత డీటీపీ ఫాంట్లు. కంటికి తెలుగే కనిపిస్తుంది, ఫైలు లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉంటాయి. గూగుల్‌లో 'బత్తాయి' అని వెతికినా ఈ ఫైలు దొరకదు.
పరిష్కారం: కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి మార్చి ఒత్తులు చూసుకోండి. మాకు 'మొక్క' కాస్తా 'మొక' అయింది. అందం తగ్గుతుందన్న బెంగ వద్దు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ ఫాంట్లు యూనికోడ్‌వే, ఉచితం కూడా.

యూనికోడ్‌లో చేసినా కొన్ని పీడీఎఫ్‌లలో గుణింతాలు, ఒత్తులు తారుమారవుతాయి. అందుకే నా మాట: సమాచారాన్ని ముందు మామూలు వెబ్ పేజీగా పెట్టండి, పేజీ భాష తెలుగు అని సెట్ చేయండి. చిన్న ఫోన్‌లోనూ అక్షరం పెద్దది చేసుకుని చదవొచ్చు. పీడీఎఫ్ ప్రింటు కావాలన్నవాళ్ల కోసం పక్కన ఉంటే చాలు.

సమస్య: వరుస తప్పి చదువుతుంది.
కారణం: రెండు కాలమ్‌లు, టెక్స్ట్ బాక్సులు.
పరిష్కారం: వర్డ్‌లో ఒకే కాలమ్‌లో రాసి, శీర్షికలకు హెడింగ్ స్టైల్ ఇవ్వండి. 'ప్రింట్ టు పీడీఎఫ్' కాకుండా 'సేవ్ యాజ్'తో పీడీఎఫ్ చేయండి.

పెట్టేముందు టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఒక పేజీ వినండి. అది ఆన్‌లో ఉన్నప్పుడు దేన్నైనా తెరవాలంటే రెండుసార్లు తట్టాలి, ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి.