ప్లేట్ మీద విడి కాలనీలు రావాలంటే

బీఎస్సీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో అందరికీ టెన్షన్ పెట్టేది స్ట్రీకింగే, అంటే బ్యాక్టీరియాను ప్లేట్ (మూతున్న గుండ్రటి పళ్లెం) మీద గీతలుగా పూసి, విడివిడి కాలనీలు (ఒక్కో చోట పెరిగిన బ్యాక్టీరియా గుంపులు) రాబట్టడం. స్టెయినింగ్ (స్లైడ్ మీద బ్యాక్టీరియాకి రంగు వేయడం) కుదరకపోతే ఇంకో స్లైడ్ తీసుకోవచ్చు. ప్లేట్ సంగతి మర్నాటి దాకా తేలదు. జూనియర్లు అడుగుతున్నారు కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నా.

ముందు మీడియా, అంటే బ్యాక్టీరియా పెరగడానికి ప్లేట్‌లో పోసే ఆహారం. న్యూట్రియెంట్ అగర్ (చల్లారితే జెల్లీలా గడ్డకట్టే మీడియా) పొడి డబ్బా మీద మామూలుగా లీటరుకు 28 గ్రాములని ఉంటుంది, అంటే 100 మి.లీ.కి 2.8 గ్రాములు. పొడి పూర్తిగా కరిగేదాకా మరిగించి, దూది బిరడా పెట్టి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే పరికరం) 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. తీయగానే ప్లేట్లలో పోసేయకండి. ఫ్లాస్క్‌ని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి, సుమారు 45-50 డిగ్రీలు. ఇంకా వేడిగా పోస్తే మూత లోపల నీటి బొట్లు చేరతాయి. మరీ ఆలస్యం చేస్తే ఫ్లాస్క్‌లోనే గడ్డకడుతుంది. గట్టిపడ్డాక పైన తడి ఆరనివ్వండి. తడి ప్లేట్ మీద ఎంత బాగా గీసినా కాలనీలు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి.

బెంచీని స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాకే బర్నర్ వెలిగించండి. జుట్టు, చున్నీ వెనక్కి కట్టుకోవాలి. ఫ్యాన్ కట్టేయాలి. ఎండాకాలంలో ఇదే పెద్ద శిక్ష, అయినా తప్పదు.

ఇక అసలు పని. పేరు, తేదీ ప్లేట్ అడుగున రాయండి, మూతలు తారుమారవుతాయి. లూప్ (చివర చిన్న గుండ్రటి వంపున్న తీగ, దీంతోనే గీస్తాం) తీగ మొత్తం ఎర్రబడేదాకా కాల్చి, పది పదిహేను సెకన్లు ఆగండి. ఊదొద్దు, గాల్లో ఊపొద్దు. అనుమానముంటే అగర్ అంచున తాకించి చూడండి: సుయ్ మందంటే ఇంకా వేడిగానే ఉంది, కల్చర్‌లో (ముందే పెంచి ఉంచిన బ్యాక్టీరియా) పెడితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కల్చర్ కొంచెమే తీసుకుని, మూత ఒక పక్కకి కాస్త ఎత్తి, ప్లేట్‌లో ఓ మూల దగ్గరదగ్గరగా గీయండి. లూప్ బరువే చాలు, నొక్కితే అగర్ చీరుకుపోతుంది. మళ్లీ కాల్చి, చల్లార్చి, ప్లేట్ తిప్పి, మొదటి గీతల చివర్ల నుంచి రెండు మూడుసార్లు మాత్రం లాగండి. మూడో భాగం, నాలుగో భాగం కూడా అంతే. మధ్యలో కాల్చకపోతే లూప్ మీదున్నదంతా వెంట వస్తుంది, నాలుగో భాగం కూడా నిండిపోతుంది. కాలిస్తే ప్రతిసారీ ముందు గీతల నుంచి అంటుకున్న కొద్ది కణాలే ముందుకు వెళ్తాయి. చివరి గీతలు మొదటి భాగాన్ని తాకకూడదు.

ప్లేట్ తిరగేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఒక రోజు ఉంచండి. ఆవిరి నీరు కాలనీల మీద పడదు. ఈ వేడికి అగర్ కరగదు. బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ల్యాబ్‌లో అంతకుముందు వాడిన జెలటిన్ కరిగిపోయేది. వంటింట్లో వాడే అగర్‌ను 1881లో సూచించింది ఆ ల్యాబ్‌లో పనిచేసిన వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే. వైవాలో కాక్ పేరు అందరూ చెప్తారు, ఈమె పేరు కూడా చెప్పండి.

ప్రాక్టీస్‌కి ఈ.కోలై, మైక్రోకోకస్ లూటియస్ అనే రెండు బ్యాక్టీరియాలు కలిపిన కల్చర్ అడగండి. రెండోది పసుపు రంగులో, కాస్త నిదానంగా వస్తుంది, ఇంకో రోజు ఆగాల్సి రావచ్చు. తెల్లటివాటి పక్కన పసుపు చుక్కలు విడిగా కనబడితే మీ చెయ్యి కుదిరినట్టే.

చూడటం అయ్యాక ప్లేట్లు సింక్‌లో కడగొద్దు. ఆటోక్లేవ్ చేయించాకే పారేయాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ బాక్స్ ముట్టుకోండి.